యూకేలో పెద్దాపరేషన్ (సిజేరియన్) తర్వాత స్నానం ఎలా చేస్తున్నానంటే

అందరికీ నమస్కారం. భీమవరం నుంచి మేనత్త, పిన్ని, పక్కింటి అక్క అందరూ అడుగుతున్నది ఒకటే: "పెద్దాపరేషన్ అయింది కదా, నీకు స్నానం ఎవరు చేయిస్తున్నారే?" పిన్ని కూతురికి వచ్చే నెలలో డెలివరీ. దానికీ ఆపరేషనే అన్నారట. అందుకే ఈ వీడియో.

ముందు మా బాత్‌రూమ్ చూడండి. మోకాలి ఎత్తున్న తొట్టి, దానిమీదే షవర్. నేలమీద తూము ఉండదు, కాబట్టి బకెట్ పెట్టుకుని బయట పోసుకుందామంటే కుదరదు. నీళ్ళు కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్‌లోకి దిగుతాయి. వాష్‌బేసిన్‌కి రెండు కుళాయిలు, ఒకదాంట్లో సలసల కాగే నీళ్ళు, ఇంకోదాంట్లో ఐసు నీళ్ళు. వాటికి ఎలాగో అలవాటు పడ్డాను. ఈ తొట్టి గట్టు మాత్రం నాకు ఇప్పటికీ పడదు. మామూలప్పుడు కాలెత్తి లోపల పెట్టడం ఎవరికీ గుర్తుకూడా ఉండదు. కడుపు కోసి కుట్టాక తెలుస్తుంది, ఆ కాలు లేవాలంటే పొట్ట కండరాలే లాగాలని. పైగా తడి తొట్టి, ఒంట్లో రక్తం తక్కువ, నొప్పి మాత్రల మత్తు. జారితే ఇంకేమైనా ఉందా!

అందుకని బాత్ బోర్డు కొన్నాం. తొట్టికి అడ్డంగా వేసే ప్లాస్టిక్ పలక ఇది. ముందు దీనిమీద కూర్చోవాలి, తర్వాత మెల్లగా తిరుగుతూ ఒక్కో కాలే లోపలికి తీసుకోవాలి. దాదాపు 25 పౌండ్లు, మన లెక్కలో మూడు వేలకి దగ్గర. పలకకి మూడు వేలా అని అమ్మ ఫోన్‌లో గుండెలు బాదుకుంది. నా మటుకు నాకు ఈ కాన్పుకి కొన్నవాటిలో బాగా పనికొచ్చింది ఇదే. చెల్లీ, నువ్వు అక్కడ పీట మీద కూర్చోకు. అంత కిందనుంచి లేవడం కుట్లకి మంచిది కాదు. జారని ప్లాస్టిక్ కుర్చీ వేయించుకో.

"కుట్లు తడవకూడదమ్మా" అని అమ్మ రోజూ అంటుంది. ఇక్కడ ఆపరేషనైన మర్నాడే కట్టు తీసి షవర్ చేయమన్నారు. నీళ్ళు కుట్లమీంచి పారితే ఏమీ కాదు, రుద్దడమే తప్పు. ఘాటు వాసన లేని సబ్బు నురగ పైనుంచి జారనిచ్చి, శుభ్రమైన మెత్తటి తువ్వాలుతో అద్దుకోవాలి. పొట్ట మడత కింద చెమ్మ ఉండిపోతుంది, అక్కడ బాగా ఆరనివ్వాలి. పసుపు, నెయ్యి, పౌడర్ ఏదీ కుట్లమీద వేయొద్దు. తొట్టి నింపుకుని నానడం కూడా గాయం మానేదాకా వద్దంది మా మిడ్‌వైఫ్, అంటే కాన్పులూ బాలింతల్నీ చూసుకునే ఆవిడ.

బాలింతకి నడుం మీద ఉడుకునీళ్ళు చెంబుతో కొట్టి పోయడం మన పద్ధతి. ఆ హాయి నాకూ కావాలనిపిస్తుంది. కానీ కోత చుట్టూ చర్మం చాలా వారాలు మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. మోచేత్తో చూసుకుని గోరువెచ్చగానే పోసుకోండి. వేడి ఆవిరికి కళ్ళు తిరుగుతాయి కూడా. అందుకే తలుపు గడియ పెట్టను.

మా ఆయనకి సెలవు రెండు వారాలే. అన్నాళ్ళూ రక్తం గడ్డకట్టకుండా వేసిన బిగుతు మేజోళ్ళు తనే విప్పి, స్నానం అయ్యాక మళ్ళీ తొడిగేవాడు. ఇప్పుడు తను ఆఫీసుకి బయల్దేరేలోపే నా స్నానం అయిపోవాలి. అమ్మకి వీసా ఇంకా రాలేదు. తలంటి సాంబ్రాణి పొగ పట్టేవాళ్ళు లేరు. ఒకసారి మేమే వేసుకుందామని చూస్తే సీలింగ్‌కున్న అలారం మోగి బాబు ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు నాకు చాలా ఏడుపొచ్చింది.

కానీ ఒక్కటి చెప్పాలి, ఇక్కడ మిడ్‌వైఫ్ ఇంటికే వస్తుంది. సోఫాలో కూర్చోబెట్టి కుట్లు చూస్తుంది, బాబు బరువు తూస్తుంది, మడమ నుంచి చుక్క రక్తం తీసుకుంటుంది. పైసా అడగరు. వీసాతో పాటు మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, అంటే సుమారు 1 లక్షా 20 వేలు ఆరోగ్య సర్‌ఛార్జి కట్టే వచ్చాం, నిజమే. అయినా ఆవిడ మెట్లెక్కి వచ్చి "నువ్వెలా ఉన్నావు?" అని ముందు నన్నే అడిగితే ఎంత ధైర్యంగా ఉంటుందో!

ఆవిడ మరీమరీ చెప్పింది మీకూ చెప్తున్నా. కోత దగ్గర ఎరుపు పెరుగుతున్నా, చీము కారినా, వాసన వచ్చినా, కుట్లు విడినట్టున్నా, 38 డిగ్రీల జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకూడదు.

చెల్లీ, డిశ్చార్జ్ అయ్యేలోపే నీ డాక్టర్‌ని అడుగు: కట్టు ఎప్పుడు తీస్తారు, కుట్లు కరిగేవా తీసేవా, తలస్నానం ఎప్పుడు చేయొచ్చు. పిన్నిని పక్కనే ఉంచుకుని అడుగు, ఆవిడా వింటుంది.