నీచు వేరు, మట్టి వాసన వేరు

అందరికీ నమస్కారం.

తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలు మనది. హంద్రి వచ్చి కలిసేది ఇక్కడే. పైన సుంకేసుల, కింద శ్రీశైలం వెనుక జలాలు. అటు అనంతపురం వైపు పెన్నహోబిలం, కడప వైపు మైలవరం, గండికోట. ఇన్ని నీళ్లలో చేపలు పడుతున్నా "మన చేపకు రుచెక్కడిది, రుచంటే కోస్తా చేపదే" అన్న మాట ఇక్కడ తరచుగా వినబడుతుంది. ఆ మాట మార్చుకోవాలి. బొచ్చె అయినా కొర్రమీను అయినా, బాగాలేదని పక్కన పెట్టిన చేపలో తప్పు సాధారణంగా జాతిది కాదు. నీళ్లలోనో, ఐసు దగ్గరో, కడిగిన చోటో ఏదో జరిగి ఉంటుంది. అదేమిటో తెలిస్తే కొనేటప్పుడే సగం పని అయిపోతుంది.

ముందు వాసనల సంగతి చూద్దాం. మన భాషలోనే రెండు మాటలున్నాయి: నీచు వాసన, మట్టి వాసన. రెంటినీ కలిపేసి "చేప వాసన" అనేస్తే మందు తప్పుతుంది.

మట్టి వాసన చేప పుట్టించేది కాదు. తొలకరి చినుకు పడగానే నల్లరేగడి లోంచి, ఎర్రమట్టి లోంచి లేచే పరిమళం తెలుసు కదా, దానికి కారణమైన పదార్థం పేరు జియోస్మిన్. 1965లో దానికి ఆ పేరు పెట్టారు, గ్రీకులో మట్టి వాసన అనే అర్థం. మట్టిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా, చెరువు నీళ్లలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు దాన్ని తయారుచేస్తాయి. మన ముక్కు దాన్ని ఎంత కొద్దిగా ఉన్నా పట్టేస్తుంది. గ్రామును పది కోట్ల భాగాలు చేసి అందులో ఒక్క భాగం లీటరు నీళ్లలో కలిపినా చాలు, చాలామందికి తెలిసిపోతుంది. చినుకులో హాయిగా ఉన్న ఆ వాసనే ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు వెగటు పుట్టిస్తుంది.

చేప బురద తింటుంది కాబట్టి ఆ వాసన వస్తుందని చాలామంది అనుకుంటారు. తిండితో వెళ్లేది కొంతే. ఎక్కువ భాగం ఊపిరితో పాటు మొప్పల గుండా లోపలికి పోతుంది. అందుకే ఒకే చెరువులో పైపైన తిరిగే బొచ్చెకూ, నడుమ తిరిగే రోహుకూ, అడుగున మేసే ఎర్రమోసుకూ మూడింటికీ ఆ వాసన పడుతుంది. ఎక్కడానికి కొన్ని గంటలు చాలు, దిగడానికి మాత్రం రోజులు పడుతుంది. కొవ్వులో కరిగే పదార్థం కనుక పొట్ట ముక్కలోనూ, చర్మం కింద ఉండే ముదురు రంగు కండలోనూ దాక్కుంటుంది.

వేసవిలో సంగమేశ్వరం గుడి శ్రీశైలం నీళ్లలోంచి బయటపడే రోజుల్లో మన చెరువులు ఎలా ఉంటాయో తలుచుకోండి. నీళ్లు ఇంకి, పచ్చగా, చిక్కగా ఉంటాయి. ఆ రోజుల్లో చెరువు చేప కొంటే మట్టి వాసన తప్పదనే లెక్క వేసుకోండి. కొత్త నీళ్లు వచ్చి చెరువు నిండి, నాచు తగ్గి, రెండు మూడు వారాలు గడిచాక అదే చెరువు చేప బాగుంటుంది. పారే నీళ్లలో, లోతైన జలాశయంలో పట్టినదానికి ఈ బాధ తక్కువ. చేపలు పెంచేవాళ్లు మీలో ఉంటే ఒక్క మాట: అమ్మడానికి ముందు చేపను మేత లేకుండా శుభ్రమైన బోరు నీళ్లలో, నీళ్లు మారుస్తూ, కనీసం నాలుగైదు రోజులు ఉంచండి. కొవ్వు పట్టిన చేపకు ఇంకా ఎక్కువ రోజులు కావాలి. బరువు కొద్దిగా తగ్గుతుంది, నిజమే. కానీ ఒకసారి కొన్నవాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

ఇక నీచు. ఇది చచ్చిన తరువాత పుట్టేది. సముద్రపు నీళ్ల ఉప్పును తట్టుకోవడానికి అక్కడి చేప తన కండలో అమైనో ఆమ్లాలనూ, ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్నీ ఎక్కువగా దాచుకుంటుంది. ఆ అమైనో ఆమ్లాల వల్లే చందువకు, వంజరానికి ఆ తియ్యటి నిండు రుచి. కానీ చచ్చాక బ్యాక్టీరియా ఆ ఆక్సైడును విరగ్గొట్టి ట్రైమిథైలమైన్ చేస్తుంది. ముక్కు మూసుకునేది దానికే. మంచినీటి చేపలో ఈ సరుకు చాలా తక్కువ. అంటే సముద్రపు చేపకు రుచీ ఎక్కువ, పాడయితే కంపూ ఎక్కువ. తీరం నుంచి రాత్రంతా బండిలో వచ్చిన సముద్రపు చేపను ఐసు సరిగా లేకుండా ఇక్కడి ఎండలో కొనడం కంటే, పొద్దున సుంకేసులలో పట్టిన రోహు కొనడం ఎన్నో రెట్లు మేలు.

కనగర్తల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ జాతి చేపలకు ఐసు తగ్గితే కండలో హిస్టమిన్ పేరుకుంటుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. ఎంత మరిగించినా అది పోదు. నాలుక మీద మిరియం పెట్టినట్టు చురుక్కుమంటే ఆ ముద్ద మింగకుండా ఊసేయండి.

ఐసు ఎంత వేయాలి? వేసవిలో కిలో చేపకు కిలో ఐసు, దంచినది. పెద్ద గడ్డ మీద చేపను పరిస్తే ఆనిన చోటే చల్లబడుతుంది, మిగతా ఒళ్లు పాడవుతూనే ఉంటుంది. కరిగిన నీళ్లు కిందికి పోయే దారి ఉండాలి.

"తొట్టిలో ఈదుతున్న చేపను అప్పటికప్పుడు కోయించి వండితేనే రుచి" అన్న నమ్మకం గట్టిది. అందులో సగమే నిజం. బతికున్న చేప కండలో ఏటీపీ అనే శక్తి పదార్థం ఉంటుంది. ప్రాణం పోయాక అది మెట్టుమెట్టుగా విరుగుతూ ఇనోసినేట్ అవుతుంది. నోరూరించే రుచి దానిది. ఆ తరువాత ఇంకా విరిగితే హైపోజాంథిన్, అది చేదు. అంటే రుచి పైకెక్కి మళ్లీ దిగుతుంది. పైగా చచ్చిన కొన్ని గంటలకు ఒళ్లు కొయ్యబారుతుంది. ఆ బిగువు రాకముందే ముక్కలు కొట్టి కాగే నూనెలో వేస్తే ముక్క వంకర తిరిగి, కుంచించుకుపోయి, రబ్బరులా సాగుతుంది. మంచి పద్ధతి ఏమిటంటే, చేపను ఒక్క దెబ్బకు చంపించి, పేగులూ మొప్పలూ తీయించి, ముక్కలు కొట్టించకుండా నిండు చేపనే తెచ్చుకోండి. ఐసులో ఒక రాత్రి ఉంచి మరునాడు కోయండి. ఒక్క దెబ్బకు అని ఎందుకంటున్నామంటే, గచ్చు మీద పడి పావుగంట కొట్టుకున్న చేప తన శక్తినంతా ఖర్చు పెట్టేసుకుంటుంది, ఇనోసినేట్‌గా మారాల్సిన సరుకు ముందే అయిపోతుంది. కండలో ఆమ్లం పెరిగి ముక్క మెత్తబడి నీళ్లు కారుతుంది.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న బొచ్చెను చూడండి. సుమారు రెండున్నర కిలోలు. మొప్ప మూత ఎత్తితే లోపల ఎర్రగా, తడిగా ఉంది, జిగురు లేదు. గోధుమ రంగు ఉంటే వదిలేయండి. కన్ను ఉబ్బి నల్లగా మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడింది. ఇక పొట్ట చీలుద్దాం, మెల్లగా, కత్తి మొన పైకి పెట్టి. ఇదిగో, కాలేయం పక్కన ముదురాకుపచ్చ తిత్తి, ఇదే చేదు తిత్తి. ఇది పగిలితే తాకిన ముక్కంతా చేదే. పగిలిందా, వెంటనే ఆ చోట ఉప్పుతో రుద్ది ధారగా కడగాలి, రంగు అంటిన కండ కోసి పారేయాలి. కొందరు కంటిచూపుకు మంచిదని, కీళ్లకు మంచిదని ఈ తిత్తిని పచ్చిగా మింగుతారు. దయచేసి ఎవరినీ మింగనివ్వకండి. రోహు, గడ్డిచేప వంటివాటి పిత్తం మనిషి మూత్రపిండాలను పాడు చేస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

లోపల వెన్నుముల్లు వెంబడి నల్లటి గీత కనబడుతోందా? చాలామంది దాన్ని ముల్లు రంగు అనుకుంటారు. అది గడ్డకట్టిన నెత్తురూ మూత్రపిండమూ. పైనున్న పొరను గోటితో చీల్చి, బొటనవేలితో తోస్తూ నీళ్ల ధార కింద తీసేయాలి. పొట్ట గోడకు నల్ల పొర ఉంటే గరుకు గుడ్డతో రుద్దండి, ఊడి వస్తుంది. గడ్డిచేపకు ఈ పొర బాగా ఉంటుంది. ఇక చర్మం మీది జిగురు. కిలోకు గుప్పెడు రాళ్ల ఉప్పు, చెంచా పసుపు వేసి రుద్ది రెండుసార్లు కడిగితే చాలు. నాలుగైదుసార్లు నీళ్లలో నానబెడితే వాసనతో పాటు రుచి కూడా కొట్టుకుపోతుంది. మట్టి వాసన ఉందని అనుమానం వస్తే చర్మం ఒలిచి, పక్కల వెంట నడిచే ముదురు రంగు కండ పట్టీని కోసేయండి. పావు లీటరు పుల్లటి మజ్జిగలో పావుగంట ఉంచి తీయండి.

పులుపు ఎందుకు పనిచేస్తుందంటే, నీచుకు కారణమైన ట్రైమిథైలమైన్‌ను పులుపు పట్టి కట్టేస్తుంది, అది ఆవిరై ముక్కుకు చేరదు. మట్టి వాసన ఇచ్చే జియోస్మిన్‌ను కూడా ఆమ్లం మెల్లగా వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది. మన పెద్దవాళ్లు చేపకు చింతపండు పెట్టడం ఊరికే కాదు.

ఏ చేప దేనికి? కొర్రమీను గట్టి కండ, కొవ్వు తక్కువ, నడుమ ముళ్లు దాదాపు ఉండవు. కొవ్వు తక్కువ కనుకే బురదలో బతికినా మట్టి వాసన దానికి అంతగా నిలవదు. వేపుడుకూ పులుసుకూ రెంటికీ నిలబడుతుంది. బొచ్చెకు తలకాయే సొత్తు. ఆ తలలో కొవ్వూ, జిగురూ దిగి పులుసు చిక్కబడుతుంది. రోహు వేపుడుకు బాగుంటుంది, కానీ కిలో లోపు చేపలో సన్న ముళ్లు ఇబ్బంది పెడతాయి. తోక ముక్కలో మరీ ఎక్కువ. పిల్లలకు పొట్ట ముక్క పెట్టండి. వానాకాలంలో జన నిండిన చేపకు ఆశపడతారు గానీ, కండలో ఉండాల్సిన కొవ్వు జనకు వెళ్లిపోయి ఉంటుంది, గుడ్లు పెట్టేసిన చేప అయితే మరీ చప్పన. పులస గురించి ఎలాగూ అడుగుతారు. అది వేరే సంగతి: సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కి వచ్చేది, ఒళ్లంతా కొవ్వు. ఆ కొవ్వే దాని రుచి. దానితో కొర్రమీనును పోల్చడం రెంటికీ అన్యాయమే.

వేపుడులో జరిగే తప్పు నానబెట్టడంలోనే ఉంది. నిమ్మరసం పోసి రెండు గంటలు ఉంచితే పులుపు పైపొరను ముందే ఉడికించేస్తుంది, నీళ్లు ఊరతాయి, పెనం మీద ముక్క వేగకుండా ఉడుకుతుంది. కిలో ముక్కలకు పదిహేను గ్రాముల ఉప్పు, కారంపొడి, పసుపు, తెల్లగడ్డ ముద్ద పట్టించి అరగంట చాలు. వేసేముందు ఊరిన నీళ్లు వంచేయండి. నిమ్మకాయ తినేటప్పుడు పిండుకోండి. ముక్క వేలి మందం దాటకూడదు. మాంసంలో ఉన్నంత నార చేపలో ఉండదు, కండ అరవై డిగ్రీల దగ్గరే ఉడికిపోతుంది. అంతకు మించి వేడి చూపిన కొద్దీ ఎండిపోతుంది.

పులుసు కొలత కిలో ముక్కలకు చెబుతాం. డెబ్భై గ్రాముల చింతపండు వేడినీళ్లలో నానబెట్టి ముప్పావు లీటరు రసం తీయండి. వంద, నూట ఇరవై మిల్లీలీటర్ల బుడ్డల నూనెలో పావుకిలో ఎర్రగడ్డలు, పది తెల్లగడ్డ రెబ్బలు, కరివేపాకు వేయించి, రెండు టమాటాలు వేసి మగ్గించండి. టమాటా వద్దనేవాళ్లున్నారు, కానీ అది వేయడానికి కారణం ఉంది. జపాన్‌లో 1908లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త గ్లుటమేట్ అనే పదార్థం రుచిని, 1913లో ఆయన శిష్యుడు కొడామా ఎండుచేపలోని ఇనోసినేట్ రుచిని గుర్తించారు. ఈ రెండూ కలిస్తే రుచి కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. టమాటాలో మొదటిది ఉంది, చేపలో రెండోది ఉంది.

మంట తగ్గించి మూడు పెద్ద చెంచాల కారంపొడి, రెండు చెంచాల ధనియాల పొడి, తగినంత ఉప్పు వేసి, మాడకముందే రసం పోయండి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, నూనె పైకి తేలేదాకా, చేప లేకుండానే మరగాలి. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. పచ్చి పులుసులో ముక్కలు వేసి, పులుసు ఉడికేదాకా ముక్కను శిక్షిస్తారు. పులుసు సిద్ధమయ్యాక ముందు తలకాయ, ఐదు నిమిషాలకు మిగతా ముక్కలు వేసి, సన్న మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. గరిటె పెట్టొద్దు, సట్టిని పట్టుకుని తిప్పండి. వేయించిన మెంతులు అర టీచెంచా, జీలకర్ర టీచెంచా పొడి చేసి చివర్లో చల్లండి. మెంతి అంతకు మించితే చేదు. మట్టి సట్టి గానీ స్టీలు గానీ వాడండి, అల్యూమినియం గిన్నెలో చింతపండు మరిగితే లోహపు రుచి దిగుతుంది.

దించిన వెంటనే సంగటితో తినాలని ఉంటుంది. కనీసం నాలుగు గంటలు ఆగండి. ఉప్పూ పులుపూ ముక్క నడుమకు చేరడానికి అంత సమయం పడుతుంది, ఆలోపు తలకాయ జిగురు పులుసులో కలిసి చిక్కబడుతుంది. మరునాడు ఇంకా బాగుండేది అందుకే. అయితే మన వేసవిలో రాత్రంతా బయట ఉంచకండి. పులుపు ఉన్నా ఆ వేడికి నమ్మకం లేదు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు తినేంత వరకే తీసి ఒక్క పొంగు వచ్చేదాకా వేడి చేయండి. రెండోసారి మరిగిస్తే ముక్క చెదిరిపోతుంది.