పేర్ల రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంది?

(ఒక జనన కోహార్ట్ అధ్యయనంలో కొత్తగా చేరిన ఫీల్డ్ వర్కర్ల శిక్షణ మొదటి రోజున, విశ్రాంత ఫీల్డ్ సూపర్‌వైజర్ ఒకరు చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఫీల్డ్ వర్కర్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ డేటా విభాగం పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోతే నాకిచ్చిన 20 నిమిషాల్లో ఐదు అక్కడే అయిపోతాయి. చెప్పలేదని ఏమీ అనుకోకండి.

"జనన కోహార్ట్ అధ్యయనాల ప్రాముఖ్యం" గురించి మాట్లాడమన్నారు. నిన్న రాత్రి కూర్చుని బుద్ధిగా రాసుకున్నాను. ఆ తర్వాత మీ ఫారాల కట్ట తిరగేశాను. మూడో పేజీ చూశాక నిద్ర పట్టలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందే చెబితే మిగతాది వినరు.

కోహార్ట్ అంటే ఏమిటో మీకు రెండు రోజులు పాఠం చెబుతారు. నేను ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఒకే కాలంలో పుట్టిన పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ, కుదిరితే కడుపులో ఉన్నప్పటి నుంచే, ఏళ్ల తరబడి చూస్తూ రాసుకుంటూ పోవడం. ఎందుకంత కష్టం, బిడ్డకు జబ్బు చేశాక తల్లిని అడిగితే పోదా అనేవాళ్లు ఉంటారు. అడిగి చూడండి. బిడ్డ బాగున్న తల్లి "ఏమో, గుర్తులేదమ్మా" అంటుంది. బిడ్డకు బాగోలేని తల్లి, ఆ తొమ్మిది నెలల్లో వేసుకున్న ప్రతి మాత్రనూ గుర్తు చేసుకుని ఏడుస్తుంది. ఇద్దరి జవాబులూ ఒకే త్రాసులో వేసి తూచలేం. అందుకే ఏం జరగబోతోందో ఎవరికీ తెలియకముందే రాసి పెట్టుకోవాలి.

అలా ముందే రాసి పెట్టినావిడ ఒకరున్నారు. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అని, నర్సుల మీద పెద్దగా పనిచేసేది. 1911 నుంచి ఆమె ఏర్పాటు ప్రకారం పుట్టిన ప్రతి బిడ్డ బరువూ రిజిస్టర్‌లోకి ఎక్కేది. ఏడాది నిండాక నర్సు మళ్లీ ఇంటికెళ్లి తూచేది. తల్లిపాలా, సీసాపాలా? జబ్బులేమైనా చేశాయా? పళ్లు ఎన్ని వచ్చాయి? అన్నీ రాసేది. ఆ నర్సులకు పరిశోధన చేస్తున్నామన్న ఊహే లేదు. పిల్లలు బతకాలి, అంతే.

కొన్ని దశాబ్దాల తర్వాత ఆ రిజిస్టర్లు డేవిడ్ బార్కర్ అనే డాక్టర్ బృందానికి దొరికాయి. 1911 నుంచి 1930 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్లు ఏమయ్యారో వెతికారు. ఏడాది వయసులో బరువు తక్కువగా ఉన్నవాళ్లలో గుండె జబ్బు చావులు ఎక్కువని 1989లో ప్రకటించారు. పెద్దవాళ్ల గుండె జబ్బుకూ పసితనానికీ సంబంధం ఏమిటని చాలామంది కొట్టిపారేశారు. వాదనలు నడిచాయి, నడుస్తూనే ఉన్నాయి. కానీ రిజిస్టర్ లేకపోతే ఆ వాదనే లేదు. లోకం బార్కర్ పేరు చెప్పుకుంటుంది. త్రాసు మోసిన నర్సుల పేర్లు మీకు తెలుసా? నాకూ తెలియవు.

సరే, దారి తప్పుతున్నాను. కోహార్ట్‌లలో పెద్దక్క బ్రిటన్‌దే. 1946 మార్చి 3 నుంచి 9 వరకు, ఒక్క వారంలో పుట్టిన పిల్లల తల్లుల్లో 13,687 మందిని కలిశారు. అప్పుడు అడిగింది కాన్పు ఖర్చెంత, జననాలు ఎందుకు తగ్గుతున్నాయి అని. జేమ్స్ డగ్లస్ అనే ఆయన అక్కడితో ఆపకుండా 5,362 మందిని ఎంచుకుని వెంట నడిచాడు. ఆ పిల్లలు డెబ్బై దాటి ముసలివాళ్లయ్యాక కూడా వాళ్లను చూస్తూనే ఉన్నారు. నాకు అందులో నచ్చింది ఒకటుంది. 1962 నుంచి వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఏటా పుట్టినరోజు కార్డు పంపుతున్నారు. కార్డు తిరిగొచ్చిందంటే ఇల్లు మారారని తెలుస్తుంది. వెంటనే వెతకొచ్చు. శుభాకాంక్షలకు శుభాకాంక్షలు, చిరునామా తనిఖీకి తనిఖీ!

తర్వాత 1958లో ఒకటి, 1970లో ఒకటి మొదలుపెట్టారు. పన్నెండేళ్లకొకటి అన్న లెక్కన 1982లో ఇంకోటి రావాలి. రాలేదు. డబ్బు ఇవ్వలేదు. మళ్లీ దేశమంతటికీ కలిపి కోహార్ట్ కోసం 2000 దాకా ఆగాల్సొచ్చింది. ఆ మధ్యలో పుట్టిన పిల్లల కథ ఇప్పుడు ఎంత డబ్బు పోసినా వెనక్కి వెళ్లి రాయలేం.

అదే 1982లో బ్రెజిల్‌లోని పెలోటాస్ అనే ఊళ్లో ఆసుపత్రుల్లో పుట్టిన 5,914 మందిని నమోదు చేశారు. మరుసటి ఏడాది కొంతమందిని రాసుకున్న చిరునామాల్లో వెతికితే చాలా ఇళ్లలో వాళ్లు లేరు. అద్దెకుండే వాళ్లు ఎక్కడ నిలుస్తారు? మనమైతే ఏం చేసేవాళ్లం? "దొరకలేదు" అని రాసి పక్కన పెట్టేవాళ్లం. వాళ్లు 1984లో ఊళ్లో ఉన్న ప్రతి ఇంటి తలుపూ తట్టారు. సుమారు 70,000 ఇళ్లు! 1982లో పుట్టిన పిల్లలున్నారా అని అడుగుతూ పోయారు. దాదాపు 87 శాతం మంది దొరికారు. మగపిల్లలకు 18 ఏళ్లు వచ్చాక ఏం చేశారో తెలుసా? అక్కడ ఆ వయసులో సైన్యం నమోదుకు హాజరు కావాలి. అక్కడికెళ్లి కూర్చున్నారు, పిల్లలే వచ్చారు.

ఆ తిప్పలకు ఫలం ఏమిటంటారా? ధనిక దేశాల్లో చదువుకున్న తల్లులే ఎక్కువ కాలం తమ పాలు పడతారు. పిల్లాడు తెలివిగా ఉంటే అది పాల వల్లా, ఇంట్లో ఉన్న చదువు వల్లా అన్నది తేలదు. పెలోటాస్‌లో ఆ రోజుల్లో పేదాగొప్పా అన్ని ఇళ్లలోనూ పాలివ్వడం ఇంచుమించు ఒకేలా ఉండేది. అందుకని ఆ చిక్కు తక్కువ. 30 ఏళ్ల తర్వాత సుమారు 3,500 మందికి పరీక్ష పెడితే, ఏడాదీ అంతకు మించీ తల్లిపాలు తాగినవాళ్ల ఐక్యూ, నెల కూడా తాగనివాళ్ల కంటే 3.76 పాయింట్లు ఎక్కువ వచ్చింది. 2015లో వచ్చిన లెక్క ఇది. నాలుగు పాయింట్లు కూడా లేవు, దీనికా అంత హడావుడి అనకండి. చిన్న తేడాను నమ్మకంగా చెప్పాలంటేనే ఇల్లిల్లూ తిరగాలి.

ఢిల్లీలో 1969, 1972 మధ్య పుట్టిన పిల్లల కోహార్ట్ కూడా అంతే. పెద్దయ్యాక మధుమేహం బారినో, దాని గుమ్మం దాకానో వచ్చినవాళ్లు రెండేళ్ల వయసులో సన్నగా ఉన్నవాళ్లే. ఆ తర్వాత ఏటికేడు మిగతావాళ్ల కంటే వేగంగా ఒళ్లు చేస్తూ వచ్చారు. పన్నెండేళ్లప్పుడు ఒకసారి తూచి వదిలేస్తే ఈ సంగతి బయటపడేది కాదు. మళ్లీ మళ్లీ తూచారు కాబట్టి తెలిసింది.

ఇప్పుడు నా గోడు.

నేనూ ఇలాంటి అధ్యయనంలోనే పనిచేశాను. పేరు చెప్పను. కాంట్రాక్టు మీద, ఏడాదికోసారి పొడిగింపు. పొడవు కొలిచే చెక్కపలక భుజానేసుకుని తిరగడం. ఫారంలో 9 అనే కోడ్ ఉండేది. 9 అంటే "ఇంటి దగ్గర దొరకలేదు". మూడుసార్లు వెళ్లాక 9 వేసుకోవచ్చు. ఎండలో తిరిగి తిరిగి ఉన్నాం, 9 వేస్తే ఆ రోజు టార్గెట్ పూర్తవుతుంది. నేనూ వేశాను, అబద్ధమెందుకు. ఒక పాపకు అలాగే వేశాను. రెండు నెలల తర్వాత ఆ తల్లి రెండు వీధుల అవతల కనిపించింది. భర్త పని పోయిందట, అద్దె కట్టలేక ఖాళీ చేశారట. పాప చంకలో ఉంది. పలక అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది ఎంత చిక్కిపోయిందో. మా లెక్కల్లో ఆ పాప లేదు. బాగా తింటున్న పిల్లలు ఇంటి దగ్గరే ఉన్నారు, ఫారాలు నింపుకున్నాం. ఆ ఏడాది మా సగటు బరువు పెరిగింది. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.

అర్థమైందా అమ్మా? దొరకని పిల్లలు అందరిలాంటి పిల్లలు కారు. ఎవరి గురించి తెలుసుకోవాలని ఇదంతా మొదలుపెట్టామో, ముందు జారిపోయేది వాళ్లే.

ఐదేళ్లకు మా గ్రాంట్ ఆగిపోయింది. మూడేళ్లకీ ఐదేళ్లకీ డబ్బులిస్తారు. పిల్లలు పెరగడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. అమెరికాలో 2000లో చట్టం చేసి మరీ లక్ష మంది పిల్లల్ని 21 ఏళ్లదాకా చూస్తామన్నారు. వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, అసలు పని పూర్తిగా మొదలవకుండానే 2014 డిసెంబరులో మూసేశారు. బ్రిటన్‌లో 80,000 మందితో అనుకున్న లైఫ్ స్టడీ 2015 జనవరిలో మొదలై అదే ఏడాది అక్టోబరులో ఆగిపోయింది. చేరమంటే తల్లులు అనుకున్నంతమంది రాలేదు. మాది వాళ్ల ముందు ఎంత?

కానీ మాది ఆగిపోయినందుకు కాదు నా బాధ. ఫారాల్లో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఆ కుటుంబాల సంగతులు బయటికి పొక్కకూడదని పేర్లు, చిరునామాలు వేరే రిజిస్టర్‌లో పెడతారు. అది సరైన పద్ధతే, మీరూ అలాగే చేయండి. మాకు ఆ రిజిస్టర్ ఒక్కటే ఉండేది, చేత్తో రాసింది. గది ఖాళీ చేయమన్నారు. రిజిస్టర్ స్టోర్ రూములోకి పోయింది. ఆ వానాకాలం పైకప్పు కారింది. కంప్యూటర్‌లో ఐదేళ్ల కొలతలన్నీ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 417వ నంబరు పాప ఎవరో చెప్పగలిగేవాళ్లు మాత్రం లేరు. పదేళ్ల తర్వాత ఒకాయన వచ్చి, డబ్బులు తెస్తాను, మళ్లీ మొదలుపెడదాం అన్నాడు. ఎవరితో మొదలుపెడతాం?

తల్లులు చాలాకాలం బజార్లో కనిపిస్తే అడిగేవారు, "మళ్లీ ఎప్పుడొస్తారమ్మా" అని. నేను అటు తిరిగి నడిచేదాన్ని.

టైమ్ అయిందని సార్ గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం సార్, మూడో పేజీ మిగిలింది.

పిల్లలూ, ఫారం తీయండి. తీశారా? చిరునామా దగ్గర ఎన్ని గీతలున్నాయి? ఒకటి. ఫోన్ నంబరుకు ఒక గడి. ఇల్లు మారితే ఎవరిని అడగాలో రాయడానికి చోటు లేదు. అమ్మమ్మ ఇల్లు, మేనమామ ఫోను, పక్కింటివాళ్ల పేరు, ఇంటి యజమాని నంబరు, కనీసం ముగ్గురివి కావాలి. ఆర్నెల్లకోసారి సరిచూసిన తేదీ వేయడానికి ఒక గడి కావాలి. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ పిల్లలనే సమ్మతి అడగాలి కదా, అప్పుడు వెతికేది ఈ పేజీ పట్టుకునే. సార్, ప్రింటింగ్‌కు ఇంకా వెళ్లలేదంటున్నారు. ఈ సాయంత్రం ఈ పేజీ మార్చండి. రిజిస్టర్ రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల, తాళం ఎవరి దగ్గరుందో గోడ మీద కాగితం. భోజనాలయ్యాక నేను ఇక్కడే ఉంటాను. పెన్ను తెచ్చుకున్నాను, కూర్చుని రాసిస్తాను.