కానుపు కాగితాల్లో కారణం దొరుకుతుందా?

సభకు నమస్కారం. మన హైదరాబాదులో, ఆటిజం ఉందేమోనన్న అనుమానంతో పిల్లలను నా దగ్గరికి తీసుకువచ్చే తల్లుల్లో చాలామంది, బిడ్డకు మాటలు రాలేదన్న సంగతి చెప్పకముందే, ప్లాస్టిక్ కవరులోంచి కానుపు నాటి కాగితాలు తీసి బల్ల మీద పరుస్తారు. మొన్న ఒకావిడ, 33 వారాలకే సిజేరియన్ చేశారన్న వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి తెచ్చారు. పక్కనే ఉన్న అత్తగారు గ్రహణం నాడు కోడలు బయటికి వచ్చిన మాట ఎత్తారు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని చెప్పడానికి ఒక్క నిమిషం చాలింది. ఆ ఎర్ర గీతకు జవాబు చెప్పడానికి అరగంట పట్టింది.

సిజేరియన్‌తో పుట్టిన పిల్లల్లో ఆటిజం కొంత ఎక్కువగా కనబడుతుందన్న మాట నిజమే. అయితే స్వీడన్‌లో 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒకే తల్లికి వేర్వేరు కానుపుల్లో పుట్టిన తోబుట్టువులను పోల్చి చూసేసరికి ఆ తేడా నిలవలేదు. గర్భంలో వాడిన పారాసిటమాల్ విషయంలోనూ, దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలతో 2024లో అక్కడే జరిగిన పరిశీలనలో తేలింది ఇదే. తెలంగాణలో పదింట ఆరు కానుపులు సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇన్ని కోతలు అవసరమా అన్న చర్చ తప్పక జరగాలి గాని, దానికి ఆటిజాన్ని సాక్ష్యంగా పిలవకూడదు.

నెలలు నిండకపోవడం మాత్రం కొట్టిపారేయలేని అంశం. అటువంటి పిల్లలపై జరిగిన పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు నూటికి సుమారు ఏడుగురిలో ఆటిజం కనబడింది. మిగిలిన తొంభై మూడు మందిలో లేదన్నదీ ఆ లెక్కలోని మాటే. తల్లిదండ్రుల వయసు, తల్లికి మధుమేహం కూడా ఇటువంటివే. వీటన్నిటికంటే జన్యువుల వాటా చాలా పెద్దది.

మన చేతిలో ఉన్నవి రెండు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందు గర్భంలో తగిలిన పిల్లల్లో ఆటిజం 4.4 శాతమనీ, తగలనివారిలో 1.5 శాతమనీ డెన్మార్క్ అధ్యయనం 2013లో చూపింది. ఇది విని ఎవరూ రాత్రికి రాత్రే మందు మానేయకండి, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. గర్భం దాల్చకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్చుకోవచ్చేమో తేల్చుకోవాలి. రెండవది రుబెల్లా, అంటే ఒంటిపై దద్దుర్లతో వచ్చే ఒక వైరస్ జ్వరం; గర్భిణికి సోకితే బిడ్డకు ఆటిజం వచ్చే అవకాశం పెరుగుతుంది, టీకాతో దాన్ని ముందే అడ్డుకోవచ్చు. తెలంగాణలో 2017లో సామూహికంగా ఆ టీకా వేసింది పదిహేనేళ్ల లోపు వారికే కాబట్టి, అప్పటికే ఆ వయసు దాటినవారిలో చాలామందికి అది అంది ఉండకపోవచ్చు. గర్భిణికి ఈ టీకా వేయరు; వేయించుకున్నాక నెల రోజులైనా ఆగి గర్భం దాల్చాలి. పెళ్లిచూపుల్లో జాతకం అడిగే ఇళ్లలో ఈ టీకా సంగతి అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

ఆ తల్లి కాగితాల్లో ఈ రెండూ లేవు. వాటిని తిరిగి కవరులో పెట్టించి, పేరుపెట్టి పిలిస్తే బాబు తిరిగి చూస్తాడా అని అడిగాను.