ఇంగితం అంటే కామన్ సెన్స్ కాదు

నమస్తే. టీవీ చర్చల్లో ఒకాయన ఇంకొకాయన మీద "కనీసం ఇంగితజ్ఞానం ఉందా మీకు?" అని అరుస్తుంటాడు. ఆయన ఉద్దేశం కామన్ సెన్స్. నాకు చిరాకు అక్కడే. అరిచి చెప్పాల్సి వచ్చిందంటే ఇంగితానికి అక్కడ పనే లేదు.

సరే, హనుమకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కుదాం. కాజీపేట పోవాలి. వెనక సీట్లో ముగ్గురున్నారు. కూరగాయల సంచితో ఒక పెద్దమ్మ వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు. సంచి కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది, అంతే. సీటు చివరనున్న పిల్లగాడు అది చూసి జానెడు లోపలికి జరిగాడు.

సంచి చెయ్యి మారిందే, అదీ ఇంగితం. అది చూసి ఆమె మనసు పట్టుకున్న పిల్లగాడు ఇంగితజ్ఞుడు. ఇంగితం ఆమెది, జ్ఞానం వాడిది. మనమేమో రెండూ కలిపి ఒక్కడి నెత్తినే పెడుతున్నాం.

ఈ మాట కదలిక అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. భగవద్గీత ఆరో అధ్యాయంలో గాలి లేని చోట దీపం "నేంగతే" అని ఉంటుంది, చలించదు అని. అదే ధాతువు. దీపం ఊగితే గాలి ఉందని తెలిసినట్టే, సంచి చెయ్యి మారితే ఆమె చెయ్యి గుంజుతోందని తెలుస్తుంది.

మళ్లీ ఆటో దగ్గరికే వద్దాం. పెద్దమ్మ "జర జరుగు బిడ్డా" అంటే? అది మాట. డ్రైవర్ చెయ్యి ఊపి జరగమంటే? అది సైగ. సైగ కావాలని చేసేది. పశువుల అంగట్లో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరమాడటం కూడా సైగే, ఎంత గుట్టుగా చేసినా సరే. ఇంగితం మాత్రం చాలాసార్లు మనకు తెలియకుండానే బయటపడుతుంది. ఇక ముగ్గురి సీట్లో ఐదుగురు పట్టరన్న లెక్క కామన్ సెన్స్. మన షేర్ ఆటోల్లో ఆ లెక్క చెల్లదు, అది వేరే సంగతి.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో, రాజు రహస్య మంతనాల గురించి చెప్పేచోట, "ఇంగితమన్యథావృత్తిః" అన్నాడు. మామూలు తీరుకు భిన్నంగా ఉండటం అని. మరి మామూలు తీరేంటో ముందు తెలిసుండాలి కదా! వంటింట్లో గిన్నె చప్పుడును బట్టి అమ్మ కోపం మీకు తెలుస్తుంది, ఇంటికొచ్చిన చుట్టానికి తెలియదు.

మనవైపు రోజూ వినే సోయి? సోయి అంటే చుట్టూ ఏం జరుగుతోందో తనకుండే ఎరుక. పిల్లగాడు ఫోన్‌లో మునిగి పెద్దమ్మనే చూడకపోతే, సోయి లేదు. చూసినా సంచి సంగతి పట్టకపోతే, ఇంగితం తెలియలేదు. అన్నీ తెలిసి కూడా జరగకపోతే దానికి వేరే మాటలున్నాయి, వీడియోలో అనలేను.

టైమ్ అయిపోతోంది, వాడుక గబగబా చెప్పేస్తా. ఇంగితం గ్రహించాడు, ఇంగితం కనిపెట్టాడు, బాగుంటాయి. "కాస్త ఇంగితం వాడండి" అంటే మాత్రం నాకు పళ్లు జివ్వుమంటాయి. ఇంగితజ్ఞానం కామన్ సెన్స్‌గా స్థిరపడిపోయింది, ఇక ఆపలేం. రాయబారికి ఉండాల్సిన గుణాల్లో మనుస్మృతి ఇంగితం తెలియడాన్నీ చేర్చింది. ఎందుకో కూడా చెబుదామనుకున్నా గానీ, కెమెరా పట్టుకున్న తమ్ముడు ఇప్పటికి రెండుసార్లు చెయ్యి మార్చాడు.