డీఎస్సీ నెగ్గిన టీచరుకు చదవలేని పిల్లవాడి భయం ఎలా తెలుస్తుంది?

సూటిగానే చెబుతున్నాను: సునాయాసంగా చదవగలిగినవారినే ఏరి టీచర్లను చేస్తున్నాం కనుకనే, చదవడమే కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న పిల్లవాడి మనసు మన తరగతి గదుల్లో ఎవరికీ అంతుపట్టడం లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. వాటిలో నెగ్గినవారంతా ఏళ్ల తరబడి పుస్తకాలతో కుస్తీపట్టి, పరీక్షల మీద పరీక్షలు గెలిచి వచ్చినవారే. పదిమంది ముందు నిలబడి ఒక్క పేరా చదవలేకపోవడం వారికి అనుభవంలో లేని సంగతి.

ఇప్పుడు ఆ పిల్లల ఇబ్బంది తెలియాలంటూ టీచర్ల శిక్షణల్లో తారుమారైన అక్షరాల కాగితం ఇచ్చి చదవమంటారు. టీచర్లు తడబడతారు, నవ్వుకుంటారు, ఆపైన టీ తాగడానికి వెళతారు. దీనికి సహానుభూతి అని పేరు! డిస్లెక్సియా కంటికి అక్షరాలు గెంతులు వేసే జబ్బు కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతచేయడంలో ఎదురయ్యే ఇబ్బంది, తెలివితేటలతో దానికి సంబంధం లేదు. పైగా ఆ కాగితం చదవలేకపోయినందుకు టీచరును ఎవరూ తిట్టరు.

పిల్లవాడి సంగతి చూడండి. తనకు ముందు ఎంతమంది ఉన్నారో, తన వంతుకు ఏ పేరా వస్తుందో లెక్కవేసి, పాఠం వినడం మానేసి ఆ పేరానే లోలోపల వల్లెవేస్తుంటాడు. టీచరు మధ్యలో ఒకరిని దాటవేస్తే లెక్కంతా తప్పుతుంది. ఒత్తుల దగ్గర నోరు ఆగిపోతుంది, వెనుక బెంచీలో నవ్వు మొదలవుతుంది. మర్నాడు కడుపునొప్పి అంటాడు, డైరీలో ‘అశ్రద్ధ’ అని రాసి పంపుతారు. ఆ నొప్పి నాటకం కాదు మహాప్రభో, భయం!

అందులోనూ మనది విజయవాడ. బెంజి సర్కిల్‌లో ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూ పెరిగే ఊరు. మార్కులు తగ్గితే సెక్షన్ మార్చే బడుల్లో, సంచి సర్దుకుని అందరూ చూస్తుండగా పక్క గదికి నడిచే ఆ పది అడుగులు ఏ శిక్షణ కాగితంలోనైనా ఉన్నాయా? 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని తన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది, వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించమంది. నవ్వులపాలు చేయవద్దని కూడా చట్టమే చెప్పాలా?

శిక్షణ ఇలా ఉండాలంటాను: రెండు రోజులు ఒడియా అక్షరాలు నేర్పి, మూడో రోజు తోటి టీచర్ల ముందు నిలబెట్టి గట్టిగా చదివించాలి, హెడ్మాస్టరు గడియారం చూసుకుంటూ ‘ఆ మాత్రం రాదా?’ అనాలి. అప్పుడు అడగండి, గొంతు ఎందుకు ఎండిందో.

అంతవరకూ ఒక్క పని చేయండి: ఏ పేరా చదవాలో పిల్లవాడికి ముందు రోజే విడిగా చెప్పండి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. కుదరదనే టీచర్లు ఎందుకు కుదరదో కింద రాయండి, వచ్చే వీడియోలో పేరు చెప్పకుండా చదివి మరీ జవాబిస్తాను.