వడ్ల కుప్ప మీద బర్గర్ లెక్క

[తెర మీద: మిర్యాలగూడ దగ్గర కొనుగోలు కేంద్రం. వడ్ల కుప్ప, పక్కన తేమ మీటర్]

ఈ కుప్పకూ, అమెరికాలోని ఒక బర్గర్ దుకాణానికీ చుట్టరికం ఉంది.

1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు బాగా నడుస్తున్న హోటల్‌ను మూసి, వంటగదిని కొత్తగా అమర్చుకున్నారు. పాతిక రకాల మెనూను తొమ్మిదికి దించారు. ప్లేట్లు పోయి కాగితం వచ్చింది, కడిగే పని తప్పింది. సప్లయర్లు లేరు, కొనేవాళ్లే కిటికీ దగ్గరికి రావాలి. బర్గర్ 15 సెంట్లు.

సామాజిక శాస్త్రవేత్త జార్జ్ రిట్జర్ ఈ తీరుకు మెక్‌డొనాల్డైజేషన్ అని పేరు పెట్టాడు. పని తొందరగా తెమలాలి, ప్రతిదీ అంకెల్లోకి రావాలి, ఎక్కడైనా ఒకేలా ఉండాలి, మనిషి ఇష్టానికి వదలకుండా యంత్రమో నిబంధనో నడపాలి.

[తెర మీద: మీటర్ మీద 17]

ఐకేపీ సెంటర్, అంటే మహిళా సంఘాలు నడిపే ఈ వడ్ల కొనుగోలు కేంద్రం, బర్గర్ కొట్టును చూసి పుట్టిందని కాదు, పద్ధతి ఒకటే. వెనుకట గింజ కొరికితే టక్కుమనాలి, అప్పుడే ఎండినట్టు. ఇప్పుడు తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. నోటి మాట కన్నా అంకె నయమే, నిలదీసి అడగొచ్చు. చిక్కేంటంటే మీటర్ చూసేది గుప్పెడు గింజల్నే. కుప్ప పైన ఎండి ఉన్నా అడుగున పచ్చిగా ఉంటది. అందుకే కుప్పను తిరగేసి పైన, నడుమ, అడుగున నాలుగైదు చోట్ల తీసి, కలిపి చూపించాలి. 17.5 వచ్చిందా, మళ్లీ ఎండబోత. రాత్రి వాన పడితే పట్టాలు కప్పినా కింది నుంచి నీళ్లు పారి లెక్క మొదటికొస్తది. ముడుచుకున్న, పక్వం కాని గింజ 3 శాతం మించొద్దు. ఇవన్నీ దాటినంక 40 కిలోల సంచి. బర్గర్ కొట్టులో కొనేవాళ్ల మీద పడ్డ పని ఇక్కడ అమ్మేవాళ్ల మీద పడింది: ఎండబోసుడు, తూర్పార పట్టుడు, దినాల కొద్దీ కాపలా.

[తెర మీద: ఇంటర్ క్లాస్‌రూమ్]

చదువులోనూ ఇదే పద్ధతి. ఇంజినీరింగ్, ఫార్మసీ లాంటి సీట్లకు రాసే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కోదానికి సుమారు 67 సెకన్లు, నెగటివ్ మార్కుల్లేవు. ఆ 67 సెకన్లలో సూత్రం ఎక్కడిదని ఆలోచిస్తే టైం పోతది, కాబట్టి ముందు షార్ట్‌కట్ నేర్పుతారు. ఒకే కాలేజీకి నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో బ్రాంచీలుంటే మైక్రో షెడ్యూల్, అంటే ఏ రోజు ఏ పాఠం ఎంతవరకో రాసిన పట్టిక, కూడా ఒకటే. డౌట్‌కు అందులో గడి ఉండదు.

[తెర మీద: జడ్చర్లలో పొద్దున టిఫిన్ బండి]

ఫోన్‌తో స్కాన్ చేస్తే పైసలొచ్చినయని డబ్బా అరుస్తది, పెనం ముందున్నాయన తల ఎత్తడు. "అన్నా, ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్" అంటే మాత్రం చెయ్యి ఆగుతది.