ప్యాక్ వోల్టేజీ దాచే సంగతి

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. నాలుగు లిథియం సెల్స్‌ని సీరీస్‌లో కలిపి ప్యాక్ కట్టాం. ఒక్కో సెల్ 4.2 వోల్టుల దగ్గర ఫుల్ అవుతుంది కాబట్టి మొత్తం 16.8. ఛార్జర్ పెట్టాం, పచ్చ లైటు వెలిగింది, మల్టీమీటర్‌తో కొలిస్తే సరిగ్గా 16.8 చూపించింది. హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. కానీ లోపల మూడు సెల్స్ 4.1 దగ్గరే ఆగిపోయి, నాలుగోది 4.5కి వెళ్లినా మొత్తం 16.8 అవుతుంది. ఆ నాలుగో సెల్ అప్పటికే ప్రమాదంలో ఉంది. ఛార్జర్‌కి ఆ సంగతి తెలిసే దారి లేదు, ప్యాక్ రెండు కొసలు తప్ప దానికి ఇంకేమీ కనిపించవు.

సొంతంగా ప్యాక్ కట్టుకునే ప్రతివాళ్లకీ నేను ముందు చెప్పేది ఇదే. మొత్తం వోల్టేజీని నమ్మకండి, ఒక్కొక్క సెల్‌నీ విడిగా చూడండి.

లెడ్ యాసిడ్ బ్యాటరీలకు లేని ఈ బాధ లిథియానికి ఎందుకొచ్చింది? లెడ్ యాసిడ్‌లో ఒక సెల్ ముందే నిండిపోతే, ఆపైన వచ్చే కరెంటు అందులోని నీటిని గ్యాసుగా విడగొడుతుంది. కొంచెం నీళ్లు తగ్గుతాయి, ఈలోగా వెనకబడిన సెల్స్ కూడా నిండుతాయి. లిథియం సెల్‌లో మిగులు కరెంటు పోవడానికి అలాంటి పక్కదారి లేదు. నిండాక కూడా కరెంటు తోస్తూ పోతే లోపల మైనస్ వైపున్న గ్రాఫైట్ పొర మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమవుతుంది, వేడి పుడుతుంది. ఒక హద్దు దాటాక ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. థర్మల్ రన్అవే అంటే అదే. అప్పుడు ఛార్జర్ తీసేసినా అది ఆగదు.

ఇదే గుణంలో ఒక మేలు కూడా ఉంది. మంచి లిథియం సెల్‌లోకి పంపిన ఛార్జి దాదాపు అంతా తిరిగి వస్తుంది. అందుకే ఒకసారి సరిగ్గా సమం చేసిన ప్యాక్ నెలల తరబడి సమంగానే ఉంటుంది. తేడా వస్తోందంటే దాని వెనక కారణం ఉన్నట్టే. ఒక సెల్‌లో ఛార్జి లోలోపలే కారిపోతుండొచ్చు, లేదా మనమే ఒక పక్క నుంచి కరెంటు లాగుతుండొచ్చు. నేను మొదట కట్టిన ప్యాక్‌లో పది గ్రూపులు సీరీస్‌లో ఉండేవి, గ్రూపు అంటే ప్యారలల్‌లో కలిపిన కొన్ని సెల్స్. అందులో కింది మూడు గ్రూపుల నుంచి ఒక చిన్న లైటుకి కనెక్షన్ ఇచ్చాను. రెండు వారాల తర్వాత ఛార్జింగ్ పెడితే పై ఏడు గ్రూపులు నిండి బీఎంఎస్, అంటే సెల్స్‌ని కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ బోర్డు, కట్ చేసింది, కింది మూడు మాత్రం 3.8 దగ్గరే ఉన్నాయి. సెల్స్‌లో ఏ లోపమూ లేదు, తప్పు నా వైరింగ్‌ది. తక్కువ వోల్టేజీ కావాలంటే మొత్తం ప్యాక్ మీద ఒక కన్వర్టర్ పెట్టుకోండి, మధ్యలోంచి మాత్రం లాగకండి.

ఛార్జింగ్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట కరెంటు స్థిరంగా ఉంటుంది. 3000 మిల్లీయాంపియర్ అవర్ సెల్‌కి 1.5 యాంపియర్లు అనుకోండి. వోల్టేజీ 4.2కి చేరాక అక్కడే పట్టి ఉంచాలి, అప్పుడు కరెంటు దానంతట అదే తగ్గుతూ వస్తుంది. అది సెల్ కెపాసిటీలో ఇరవయ్యో వంతు దాకా పడిపోయాక ఆపేయాలి. పాత బ్యాటరీలకు ఇచ్చినట్టు సన్నగా కరెంటు ఇస్తూ వదిలేయకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌కి హద్దు 3.65 వోల్టులు. ఒక రకం ఛార్జర్‌ని ఇంకో రకం సెల్స్‌కి వాడొద్దు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటే అసలు ఛార్జ్ చేయొద్దు, ఆ చలిలో లిథియం గ్రాఫైట్ లోపలికి దూరలేక పైనే పేరుకుంటుంది. రోజూ 4.2 దాకా నింపాల్సిన అవసరం లేకపోతే 4.1 దగ్గర ఆపితే సెల్స్ ఎక్కువ కాలం వస్తాయి. నా ప్యాక్‌లన్నీ అలాగే నడుపుతాను.

ఇక కలిపే ముందు సంగతి. పాత ప్యాక్‌ల నుంచి తీసిన సెల్స్‌లో 2 వోల్టుల కంటే కిందికి పడిపోయి చాలాకాలం ఉన్నవాటిని బతికించాలని చూడకండి. అంత లోతుకి పోయినప్పుడు లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి తిరిగి పేరుకుని షార్ట్‌కి దారి తీయొచ్చు. మిగిలినవాటిని ఫుల్‌గా నింపి, రెండు మూడు వారాలు పక్కన పెట్టి మళ్లీ కొలవండి. మిగతావాటికంటే ఎక్కువ దిగిపోయిన సెల్ ప్యాక్‌లోకి వెళ్లకూడదు. ఈ రెండు మూడు వారాల ఓపిక చాలామందికి ఉండదు. తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం అక్కడే మొదలవుతాయి.

ప్యారలల్‌లో కలిపేటప్పుడు కూడా జాగ్రత్త. రెండు సెల్స్ మధ్య తేడా 0.5 వోల్టు, ఒక్కోదాని లోపలి రెసిస్టెన్స్ 50 మిల్లీఓంలు అనుకుంటే, కలపగానే 5 యాంపియర్లు ఒకదాని నుంచి ఇంకోదానిలోకి దూకుతాయి. అవతల పది సెల్స్ ఉంటే ఆ ఒక్కదాని మీద ఇంకా ఎక్కువ పడుతుంది. తేడా 0.05 వోల్టు లోపు ఉంటేనే కలపండి.

పెద్ద ఫాస్ఫేట్ సెల్స్‌ని సమం చేయాలంటే అన్నిటినీ ప్యారలల్‌లో పెట్టి, బెంచ్ పవర్ సప్లైని 3.65 దగ్గర ఉంచి, కరెంటు దాదాపు సున్నా అయ్యేదాకా ఆగాలి. నాలుగు 100 యాంపియర్ అవర్ సెల్స్ కలిస్తే 400. ఖాళీ నుంచి మొదలుపెడితే 10 యాంపియర్ల సప్లైకి 40 గంటలు పైనే పడుతుంది. అందుకే ముందు బీఎంఎస్ పెట్టి సీరీస్‌లోనే ఛార్జ్ చేయండి, ఏదో ఒక సెల్ హద్దు చేరి కట్ అయ్యాక విడదీసి ప్యారలల్ చేయండి. తొందరగా అవుతుందని సప్లై వోల్టేజీ పెంచి నిద్రపోవడం మాత్రం వద్దు. సెల్స్ చాలాసేపు నిలకడగా ఉండి చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతాయి, ఆ సమయానికి చూసేవాళ్లు ఉండరు.

బీఎంఎస్ ఉంది కదా, అదే బ్యాలెన్స్ చేసుకుంటుందని అంటారు. చేస్తుంది, కానీ ఎంత? మామూలు బోర్డు నిండిన సెల్ మీద ఒక చిన్న రెసిస్టర్ పెట్టి ఆ ఛార్జిని వేడిగా వదిలేస్తుంది. 68 ఓంల రెసిస్టర్ అయితే సుమారు 60 మిల్లీయాంపియర్లు. 1 యాంపియర్ అవర్ తేడా పోవాలంటే 16 గంటలు పైనే కావాలి. అదీ సెల్స్ దాదాపు నిండినప్పుడే పనిచేస్తుంది, అంటే ఒక్కో ఛార్జింగ్‌లో దానికి దొరికేది కొద్దిసేపే. మెల్లగా వచ్చే చిన్న తేడాలకు అది చాలు, మొదటి రోజున్న పెద్ద తేడాకు చాలదు. ఒక సెల్ నుంచి ఇంకోదానికి ఛార్జి మోసే యాక్టివ్ బ్యాలెన్సర్ వేగంగా చేస్తుంది. కానీ ఫాస్ఫేట్ సెల్స్‌లో దాన్ని ఎప్పుడూ నడుస్తూ ఉంచితే చెడుపే. సగం నిండిన సెల్‌కీ, ముప్పావు నిండినదానికీ మధ్య వోల్టేజీ తేడా నామమాత్రం. లోడ్ మీద కనిపించే చిన్న తేడాని చూసి అది తప్పు దిశలో మోసేస్తుంది. 3.4 వోల్టుల పైన మాత్రమే నడిచేలా సెట్ చేయండి.

బ్యాలెన్సింగ్ బలహీనమైన సెల్‌ని బాగుచేయదు. దీన్ని గుర్తుపట్టడానికి ప్యాక్ నిండినప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యే ముందు ఒకసారి అన్ని సెల్స్ వోల్టేజీలూ రాసుకోండి. ఒకే సెల్ నిండేటప్పుడు అందరికంటే ముందుండి, ఖాళీ అయ్యేటప్పుడు అందరికంటే ముందు పడిపోతుంటే దాని కెపాసిటీ తగ్గింది, మార్చాల్సిందే. రెండు సార్లూ దాని వోల్టేజీ అందరికంటే తక్కువే ఉంటే దానిలో ఛార్జి మాత్రమే తక్కువ, బ్యాలెన్స్ చేస్తే సరిపోతుంది. సరిచేశాక కూడా కొన్ని వారాలకు మళ్లీ అదే వెనకబడితే లోపల కారుతోంది, తీసేయండి. బలహీనమైన సెల్‌ని అలాగే వదిలేస్తే, అది ఖాళీ అయ్యాక కూడా మిగతావి దానిగుండా కరెంటు తోస్తూనే ఉంటాయి, చివరికి దాని ప్లస్ మైనస్ తారుమారవుతాయి.

ఒక్కో సెల్ వోల్టేజీని చూసే బీఎంఎస్ సన్న వైర్లు పెట్టేటప్పుడు, కనెక్టర్ బోర్డుకి గుచ్చకముందే మైనస్ నుంచి ఒక్కో పిన్ కొలవండి. 3.7, 7.4, 11.1 అలా మెట్లుమెట్లుగా పెరగాలి. ఎక్కడ మెట్టు తప్పితే అక్కడ వైరు తప్పినట్టే. బీఎంఎస్‌లో కరెంటుని ఆపే స్విచ్‌లు, అంటే మాస్‌ఫెట్‌లు, పాడైతే షార్ట్ అయిపోయి కరెంటుని ఆపలేకపోవచ్చు. అందుకే ఛార్జర్ వోల్టేజీ ముందే సరిగ్గా ఉండాలి, బీఎంఎస్ ఆఖరి రక్షణ మాత్రమే. మొదటి ఛార్జింగ్ మంట అంటుకోని నేల మీద పెట్టి, అయ్యేదాకా పక్కనే ఉండండి.

ఈ బల్ల మీదున్నది నేను కట్టిన పదమూడు సీరీస్ ప్యాక్. ఈరోజు మాత్రం 4.2 దాకా నింపాను, ఛార్జర్ 54.6 దగ్గర ఆగింది. బ్యాలెన్స్ కనెక్టర్ బయటికి తీసి పెట్టాను, ఇదిగో మీటర్. ముందు వరుసలో వాళ్లు ఒకరు రండి, ఒక్కొక్క గ్రూపూ కొలిచి పైకి చదవండి, నేను బోర్డు మీద రాస్తాను.